పోయినవాళ్ల వరుసలో మా అత్తమ్మ పేరు

నేను ఒక మనిషిని చంపాను. కత్తితో కాదు, విషంతో కాదు, ఉత్త నోటితో. అదీ పట్టపగలు, ఇంటినిండా చుట్టాలు చూస్తుండగా, దీపం ముందర బాసిపెట్లు వేసుకుని కూర్చుని మరీ చంపాను. చంపింది ఎవరినో పరాయిదాన్ని కాదు, నా సొంత అత్తగారిని. ఇంకా ఘోరం ఏమిటంటే, నేను చంపుతున్నప్పుడు ఆమె నా ఎదురుగానే కూర్చుని ఆకు నములుతూ ఉంది.

మీరు పోలీసులకు చెప్పే ముందు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి. ఆ తర్వాత మీ ఇష్టం.

నా చదువు ఐదో తరగతి. అదీ పూర్తిగా కాదు, లెక్కల పరీక్ష నాడు మా మేక ఈనింది. కానీ దేవుడు చదువు పెట్టాల్సిన చోట ఖాళీ ఎందుకని జ్ఞాపకం కుక్కి కుక్కి పెట్టాడు. మేడ్చల్‌లో మా వాడకట్టులో ఎవరి పేరు చెప్పినా, ఆ పేరు ఎందుకు పెట్టారో, ఎవరు పెట్టారో, ఆ రోజు ఇంట్లో ఏం కూర వండారో చెప్పేదాన్ని. కొమురయ్య అంటే వాళ్లమ్మ కొమురెల్లి మల్లన్నకు మొక్కుకుంటే పుట్టినవాడు. యాదమ్మ అంటే నర్సింహస్వామి గుట్టకు కాలినడకన పోయి వచ్చిన ఏడాదికి పుట్టింది. పుల్లయ్య ముందు పుట్టిన వాళ్లంతా పోతుంటే, అతణ్ని పుట్టగానే పుల్లాకులో, అంటే ఎంగిలి విస్తరాకులో పడుకోబెట్టి తీసుకున్నారు, దిష్టి తగలకుండా. పేరంటే మా దగ్గర అలంకారం కాదండీ, దేవుడికి రాసిచ్చిన రసీదు.

మా అత్తమ్మ పేరుకు కూడా అలాంటి కథే ఉంది. ఆమెది శామీర్‌పేట. ఆమె ముందు ముగ్గురు పుట్టి పోయారు. అప్పుడు వాళ్లమ్మ కొంగు పట్టుకుని ఐదిండ్లు తిరిగి, పిడికెడు పిడికెడు బియ్యం అడుక్కుని, ఆ బియ్యం వండుకుని తిన్నది. తర్వాత పుట్టిన పిల్లకు ఆ అడుక్కున్నదే పేరు అయింది. మీకు తట్టింది కదా? అదే. మీ మనసులోనే ఉంచుకోండి. నేను మాత్రం రాయను. మా వైపు కోడళ్లు అత్త పేరు నోటితో అనరు. ఇరవై రెండేళ్లు ఆ పేరు నా నోట్లో నుంచి జారకుండా కాపురం చేశాను. ఇరవై రెండేళ్లు, బియ్యంలో రాయిలా నాలుక కింద దాచుకున్నాను. దాచుకుని దాచుకుని ఎక్కడ బయటపెట్టానో చూడండి.

ఎనిమిదేళ్ల కింద మా తోటికోడలు స్వప్నకు రెండో కాన్పు అయింది. ఆడపిల్ల. స్వప్న చదువుకున్నది, తుర్కపల్లిలో ఏదో మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం, పొద్దున్నే క్యాబ్ వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టేది. పేర్లన్నీ ఆమె ఫోన్‌లోంచి తీసేది. మొదటి పిల్లవాడికి రిత్విక్ అని పెట్టింది. అర్థం ఏమిటని మా అత్తమ్మ అడిగితే, యజ్ఞం చేయించే అయ్యగారు అని ఫోన్ చూసి చెప్పింది.

“అయ్యగారా?” అంది అత్తమ్మ. “మరి మనింట్ల యాటను కోస్తే వీడేం జేస్తడే? దూరం గూసొని మంత్రాలు సదువుతడా?”

వాడు ఇప్పుడు మూలగ బొక్క లేకపోతే కంచం ముట్టడు. అది వేరే సంగతి.

ఇక ఆడపిల్లకు స్వప్న తొమ్మిది నెలలు వెతికి వెతికి తన్వి అని తీసింది.

“అర్థమేంది బిడ్డా?”

“సన్నగ, నాజూగ్గ ఉండే అమ్మాయి అని అత్తమ్మా.”

“అంటే బక్కది అనేనా? పిల్ల ఇంక ఒక్క ముద్ద తినలే, గప్పుడే బక్కది అని పేరు వెడ్తరా? మళ్ల అది ఎట్ల పెరుగుతదే?”

ఆ వాదం తేలకముందే అసలు పరేషాన్ మొదలైంది. పిల్ల ఏడుపు అందుకుంది. అలాంటి ఇలాంటి ఏడుపు కాదు. కరెంటు పోతే ఆగుతుందేమోనని చూశాం, ఆగలేదు. డాక్టర్‌కు చూపిస్తే, పిల్ల బంగారంలా ఉంది, కొంత గాలి పట్టింది, నెమ్మదిగా తగ్గుతుంది అన్నాడు. ఆ నెమ్మది మాకు లేదు. అత్తమ్మ నూనె రాచి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తే మాత్రం రెండు గంటలు నిద్రపోయేది. లేచిందంటే మళ్లీ మొదటికి.

పదహారో రోజు అత్తమ్మ తీర్పు చెప్పింది. “గిది గ్యాస్ గాదు, గీసు గాదు. పెద్దలల్ల ఎవరో వచ్చిర్రు. పేరు అడుగుతున్నరు.”

మా దగ్గర ఇదొక పద్ధతి. పసిపిల్ల ఊరికే ఏడుస్తుంటే, పోయిన పెద్దల్లో ఒకరు మళ్లీ వచ్చి తమ పేరు పెట్టమని అడుగుతున్నారని అంటారు. దీపం పెట్టి, పిల్లను ఒళ్లో వేసుకుని, పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పిలవాలి. ఏ పేరు దగ్గర ఏడుపు ఆగితే వాళ్లే వచ్చినట్టు. పేరు పిలిచేవాళ్లకు వంశమంతా నోటికి వచ్చి ఉండాలి. మా ఇంట్లో అలాంటి మనిషి ఎవరు? నేనే. నా ఒళ్లంతా గర్వంతో ఉబ్బి, రవిక కుట్లు పట పటమన్నాయి.

అల్వాల్ నుంచి మా ఆడబిడ్డ రాజమణి వచ్చింది. ఆమె మా ఆయనకు చెల్లెలు, నాకు పరీక్ష పెట్టడానికి దేవుడు నియమించిన మనిషి. పక్కింటి వాళ్లు వచ్చారు. అత్తమ్మ పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆకు దవడకు వేసుకుంది.

నాకు ఒక అనుమానం వచ్చింది. “అత్తమ్మా, మామ పేరు గూడ అనొచ్చునా?”

“పోయినోళ్లకు పట్టింపులు ఉండయి. అనుకుంట పో.”

ఆ మాట నేను సరిగ్గా చెవిన పెట్టి ఉంటే ఈ కథే లేదు. పోయినవాళ్లకు ఉండవు అంది కానీ, బతికున్నవాళ్లకు ఉండవు అనలేదు కదా.

మొదలుపెట్టాను. జ్ఞాపకానికి ఒక ఊపు కావాలి కాబట్టి, జంటలుగా ఎత్తుకున్నాను.

“మల్లయ్యా! మల్లయ్య పెండ్లాం బాలవ్వా!” పిల్ల ఏడుస్తోంది.

“రామయ్యా! రామయ్య పెండ్లాం ఎల్లవ్వా!” ఏడుస్తోంది.

“అబ్బ, ఏం తల్కాయె వదినది!” అని రాజమణి అంతటిది మెచ్చుకుంది. ఇక నన్ను పట్టేవాళ్లు లేరు. ఎత్తు దిగే లారీలా పోతున్నాను. ముత్తాతలు అయిపోయారు, చిన్నతాతలు అయిపోయారు, వాళ్ల పెండ్లాలు అయిపోయారు. చివరికి, అప్పటికి ఎనిమిదేళ్ల ముందే పోయిన మా మామ దగ్గరికి వచ్చాను.

“కిష్టయ్యా!” ఏడుస్తోంది.

“కిష్టయ్య పెండ్లాం...”

నా నాలుక ఆగలేదండీ. ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఇరవై రెండేళ్లు దాచుకున్న ఆ పేరును, చివర “వ్వా” అని దీర్ఘం తీసి, ఇల్లు అదిరేలా అన్నాను.

పిల్ల ఠక్కున ఏడుపు ఆపింది.

మొత్తం ఇల్లు ఆగింది. అత్తమ్మ దవడ కూడా ఆగింది. తర్వాత ఆలోచిస్తే నాకు అర్థమైంది, ఆ పిల్ల అంతసేపూ ఏడుస్తూనే పైన కదులుతున్న ఆ దవడను చూస్తోంది. అది ఆగేసరికి, ఇదేమిటని తనూ ఆగింది. కానీ అప్పుడు అంత ఆలోచించే బుర్ర ఎవరికి మిగిలింది?

“వదినా!” అని రాజమణి కేక పెట్టింది. “మా అవ్వను పోయినోళ్లల్ల గలిపినవా?”

“లేదు, నోరు జారింది, మామ పేరు వెంబడి...”

“ఆగుర్రి,” అంది అత్తమ్మ. నెమ్మదిగా ఒళ్లోని పిల్లను చూసింది. పిల్ల ఆమెను చూసింది. “పిల్ల ఆగింది. అంటే వచ్చింది నేనే. అంటే నేను పోయిన్నా?”

ఒక్కొక్కరి ముఖమూ వరసగా చూసింది.

“ఎప్పుడు పోయిన్నే? గింతమందిమి ఒక్కింట్ల ఉంటిమి, ఒక్కరన్న చెప్పకపోతిరి!”

మా ఆయన ముందుకు వచ్చాడు. “అవ్వా, ఆకు నముల్తున్నవ్. ఎట్ల పోతవే?”

“నువ్వూకో. పసిపిల్లలకు అబద్ధం తెల్వదు. నా పానం సగం అందుల జేరింది. ఉన్న సగం ఇగ నాలుగొద్దులు.” పిల్లను స్వప్న చేతుల్లో పెట్టింది. “తీస్కపో బిడ్డా. ఒక్క పానం రెండు తావుల ఉంటే ఒకదాని మొకం ఒకటి సూడొద్దు.”

లేచి, వెనక గదిలోకి పోయి, గోడవైపు తిరిగి పడుకుంది.

మొదటి రోజు అలక అనుకున్నాను. నాటుకోడి వండాను. ఆమెకు ఇష్టమైన మెడ ముక్క, కారం ఎక్కువ వేసి, గిన్నె ముక్కు దగ్గర పెట్టాను.

“అత్తమ్మా, ఒక్క ముద్ద.”

“పోయినోళ్లకు కాకికి పెడ్తరు. బయట వెట్టు.”

“గట్లనకు అత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత.”

“మొక్కు. గిప్పుడు మొక్కితే మంచిదే. పెద్దలల్ల గలిసిన గదా.”

రెండో రోజు కాస్త మజ్జిగ తాగింది, నోరు తడుపుకోవడానికట. వెండి కడియాలు రాజమణికి అని, ముక్కుపుల్ల స్వప్నకు అని గోడకు చెప్పింది. నాకేమిటో చెప్పలేదు. నాకు దక్కింది అందరికీ తెలుసు, హత్య.

“వదినా,” అంది రాజమణి, తలుపు దగ్గర నిలబడి, “దినం ఎప్పుడు వెడ్తున్నవ్? జర ముందుగాల చెప్తే లీవు పెట్టుకుంట. సుగుణ అని నీకు పేరు వెట్టినోళ్లు గా దినం కండ్లు ఏడ పెట్టుకున్నరో?”

పేర్ల అర్థాలు చెప్పుకుంటూ బతికినదాన్ని, నా పేరు నాకే ఇలా తగిలింది. మంచి గుణాలు ఉన్నది అని దాని అర్థం. ఆ రెండు రోజులు నా పేరు ఎవరు పిలిచినా నాకు తిట్టినట్టే ఉండేది.

వాడకట్టంతా పాకింది. కిరాణా దుకాణానికి పోతే ఆడవాళ్లు నాకు దారి ఇచ్చారు, గౌరవంతో కాదు. ఒకామె తన పిల్లవాణ్ని కొంగు చాటుకు లాక్కుంది, నేను వాడి పేరు అడుగుతానేమోనని. ఇంకొకామె “అక్కా, నీకు దండం వెడ్త, మా ఆయన పేరు మాత్రం ఎన్నడు తియ్యకు” అంది. మూడో ఆమె నన్ను పప్పు డబ్బాల వెనక్కి పిలిచి, అటూ ఇటూ చూసి, చెవిలో అంది:

“అక్కా, మా అత్త పేరు చెప్త. జర దీపం కాడ గూసొని ఒక్కపారి అంటవా?”

నవ్వకండి. నాకు ఆ రోజు నవ్వు రాలేదు.

మూడో రోజు పొద్దున అత్తమ్మ లేచి బయటికి పోబోతూ గడప దగ్గర తూలింది. పట్టుకున్నాను. చేయి పట్టుకుంటే ఎండు చిక్కుడుకాయలా తేలికగా ఉంది. ఏడు బస్తాల వడ్లు తూర్పారబట్టిన చేయి అది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బతికేదాన్ని. “మెల్లగ బిడ్డా” అంది, అంతే. మళ్లీ గోడవైపు తిరిగింది. డాక్టర్‌ను ఇంటికి పిలిపించాం. ఒంట్లో ఏమీ లేదు, కానీ ఈ వయసులో తినకపోతే కష్టం, రేపటికి తినకపోతే తీసుకురండి అన్నాడు. మా ఆయన ఆ మూడు రోజులూ నాతో మాట్లాడలేదు. అటు పిల్లకు నీళ్లు పోసే చేయి లేక పిల్ల ఏడుపు రెండింతలైంది. ఇటు గదిలో ఒక పానం తగ్గుతోంది, అటు గదిలో ఒక గొంతు పెరుగుతోంది. అత్తమ్మ అన్నట్టే జరుగుతోందా అని నాకు కూడా భయం పట్టుకుంది. నేను బావి గట్టు దగ్గరికి పోయి, అంట్ల గిన్నెల మధ్య కూర్చుని ఏడ్చాను. సబ్బు నీళ్లతో ముఖం కడుక్కున్నానేమో, ఇంకా ఎక్కువ ఏడుపు వచ్చింది.

అక్కడికి స్వప్న వచ్చింది. ఆమె కళ్ల కింద నల్ల చారలు. “అక్కా, మా ల్యాబ్‌ల ఒక్కపారి వచ్చిన రిజల్టును రిజల్టు అనరు. మళ్ల చేసి చూడాలె.”

“అంటే?”

“మళ్ల పేర్లు పిలుద్దం. వేరే పేరు కాడ ఆగిందనుకో, మొన్నటిది తప్పని అత్తమ్మ ఒప్పుకుంటది.”

“ఆగకపోతే?”

స్వప్న నా పక్కన కూర్చుంది. “ఆగిపిద్దం. పిల్ల నా ఒళ్లనే ఉంటది. కొంగు కప్పుకుంట. నువ్వొక పేరు అన్నంక దగ్గు. నేను పాలు పడ్త. ఆగక ఏం జేస్తది?”

“మీ ల్యాబ్‌ల గిట్ల జేస్తే?”

“నౌకరి పోతది అక్కా.”

ఇక ఏ పేరు దగ్గర ఆపాలి? నాకు ఆలోచన అక్కర్లేకుండా తట్టింది. నడిమింట్లో గోడకు ఒక పెద్ద ఫోటో ఉండేది, మా మామ తల్లి నర్సవ్వది. గుట్ట నర్సింహస్వామి మొక్కుతో పుట్టి ఆ పేరు వచ్చినామె. నేను కాపురానికి వచ్చేసరికే లేదు. మొన్న జంటల ఊపులో ఆమె పేరు ఏ ఏడుపులో కొట్టుకుపోయిందో ఎవరికీ గుర్తులేదు. ప్రతి శుక్రవారం అత్తమ్మ ఆ ఫోటో తుడిచి, బొట్టు పెట్టి, పూలదండ వేసి, కళ్లు మూసుకుని చాలాసేపు చేతులు జోడించి నిలబడేది. దేవుడి పటాల ముందు కూడా అంతసేపు నిలబడేది కాదు. ఎంత భక్తి! ఎంత ప్రేమ! అత్త మీద అంత ప్రేమ ఉన్న కోడలు, ఆ అత్తే తన మనవరాలిగా వచ్చిందంటే సంతోషంతో లేచి కూర్చోదా? నా తెలివికి నేనే మురిసిపోయాను. అంత ఏడుపులో కూడా మురిసిపోయాను, చూడండి నా సంగతి.

ఆ మధ్యాహ్నమే మళ్లీ దీపం పెట్టాం. వెనక గది తలుపు తెరిచే ఉంచాం, ఆమె వినాలని. రాజమణి న్యాయమూర్తిలా పీట వేసుకుని నాకెదురుగా కూర్చుంది.

“వదినా, ఈపారి జర చూసుకుంట అను. నేను గూడ గీడనే ఉన్న.”

ఈసారి జంటలు లేవు. ఒక్కొక్క పేరూ పులుసులో చేపముల్లు చూసుకున్నట్టు చూసుకుని తీశాను. మల్లయ్య, బాలవ్వ, రామయ్య, ఎల్లవ్వ. పిల్ల ఒక్కొక్క పేరుకు గొంతు పెంచుతోంది. చెమటలు పట్టాయి. చివరికి వచ్చాను.

“నర్సవ్వా!” అని, పొయ్యిలో మిరపకాయలు పడ్డట్టు దగ్గాను.

స్వప్న కొంగు కదిలింది. పిల్ల గొంతు గుటుక్కుమని ఆగింది.

“ఆగింది!” అన్నాను. “నర్సవ్వ! నర్సవ్వే వచ్చింది! చూసిర్రా, మా అత్తమ్మ గాదు!”

“మా నాయినమ్మా!” అంటూ రాజమణి కూడా చెంపలు వేసుకుంది. మా ఆయన మూడు రోజుల తర్వాత నా వైపు చూశాడు. నాకు గుట్ట ఎక్కి దిగినంత పుణ్యం అనిపించింది.

అప్పుడు వెనక గదిలో మంచం కిర్రుమంది.

తర్వాత నేల మీద కాలు పడిన చప్పుడు. తర్వాత రెండో కాలు. పొద్దున తూలిన మనిషి, తలుపు చెక్క పట్టుకోకుండా, కొంగు నడుముకు దోపుకుంటూ బయటికి వచ్చింది. ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

“ఎవరొచ్చిర్రు?”

“నాయినమ్మ అవ్వా,” అంది రాజమణి ఆనందంగా. “నీ అత్త.”

“మళ్ల వచ్చిందా?”

ఆ “మళ్ల” అన్న మాటలో ఉన్న మంట మీకు రాసి చూపించలేను. గోడ మీద ఫోటో కూడా ఒకసారి కదిలిందనుకుంటాను.

“ముప్పయ్యేండ్లు సతాయించింది సాలలేదా? చెరువు కాడికెళ్లి నా నెత్తి మీద నీళ్లు మోపిచ్చింది. నేను తినే బువ్వ కుండకు మూత వెట్టి దాని మీద కూసునేది. నర్సింహస్వామి పేరు ఉత్తగనే వెట్టలే, గోర్లు గూడ గట్లనే ఉండె. గిప్పుడు పసిపిల్ల ఏసం కట్టుకొని వచ్చిందా?”

నేను నోరు తెరిచి ఉన్నాను. “అత్తమ్మా, మరి ప్రతి శుక్రారం గంత సేపు దండం వెడ్తుంటివి గదా?”

“మళ్ల రావొద్దని మొక్కుతుంటినే!”

పాలు తాగుతున్న పిల్ల గుటకలు ఒక్కటే వినబడుతున్నాయి. స్వప్న కొంగు ఇంకా గట్టిగా కప్పుకుంది.

“మరి గిప్పుడెట్ల అవ్వా?” అన్నాడు మా ఆయన.

“ఎట్లేంది? గామె వచ్చినంక ఇల్లు గామె చేతిల వెట్టి నేను పోవాల్నా? సచ్చినా పోను!” నా వైపు తిరిగింది. “సుగుణా, ఏం చూస్తున్నవే? అన్నం వెట్టు. పెద్ద గిన్నెల వెట్టు. కూరేంది?”

“పప్పు అత్తమ్మా.”

“మొన్న కోడి వండితివి గదా, ఏది?”

“కాకికి...”

“నీ మొకం. పప్పే తే.”

తిన్నది. ఆమె తింటుంటే నేను లెక్కపెట్టలేదు కానీ, మూడు రోజులు మాత్రం కంచంలోకి వచ్చాయి. నేను పక్కన నిలబడి నెయ్యి వేస్తూ ఏడుస్తున్నాను. రాజమణి కూడా ముక్కు తుడుచుకుంటోంది, అయితే నాకు కనబడకుండా.

తిని, చేయి కడుక్కుని, “తేర్రి గామెను ఇటు” అంది.

నీళ్లు కాగబెట్టాం. అత్తమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుంది. నూనె తీసుకుని వీపు రుద్దుతూ మొదలుపెట్టింది.

“ఏమత్తమ్మా? దొరికినవా? ఎన్ని బిందెలు మోపిచ్చినవ్ నాతోని? గిప్పుడు నీ మీద నేను పోస్త నీళ్లు.” చెంబుతో పోసింది, ఎప్పటిలాగే, ముందు తన చేతి మీద పోసుకుని వేడి చూసుకుని. “పద్నాలుగేండ్ల పిల్లను నేను గప్పుడు. ఆకలైతుందని ఎవరికి జెప్పాల్నో గూడ తెల్వదు. నీకు చేతులెట్ల వచ్చినయే అత్తమ్మా?”

పిల్ల ఏడవలేదు. తల ఒక పక్కకు తిప్పి, ఒక కన్ను తెరిచి ఆమెను చూసింది. మూతి కొంచెం వంకర పెట్టింది. నవ్వు అన్నాం మేమంతా, గాలి అన్నాడు డాక్టర్ తర్వాత.

అత్తమ్మ చెంబు అక్కడే ఆపింది. తర్వాత “సరే తియ్యి” అంది, చాలా మెల్లగా. “చిన్నదానివైనవ్. ఇగ నిన్నేమంటం?” పొడి బట్టలో చుట్టి, సాంబ్రాణి పట్టి, భుజాన వేసుకుంది. ఆ రోజు పిల్ల మూడు గంటలు నిద్రపోయింది. అత్తమ్మ దాని పక్కనే పడుకుంది, ఈసారి గోడవైపు కాదు.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేశాం. మేనత్తగా రాజమణి పిల్ల చెవిలో తన్వి అని చెప్పింది. స్వప్న భయం భయంగా అత్తమ్మ వైపు చూసింది, బక్కదన్న గొడవ మళ్లీ వస్తుందేమోనని.

“బక్కదైతేనే మంచిది,” అంది అత్తమ్మ. “పోయినపారి లావుండి నా నెత్తి మీద ఎక్కి గూసున్నది.”

అయితే బర్త్ సర్టిఫికెట్‌లో తన్వి ఉన్నా, అత్తమ్మ నోట ఆ పేరు ఒక్కసారీ రాలేదు. నర్సవ్వ అని పిలవాలంటే అత్త పేరు, అనకూడదు కదా! అందుకని ఎనిమిదేళ్లుగా ఆ పిల్లను “అత్తమ్మా” అనే పిలుస్తుంది. “అత్తమ్మా, పాలు తాగు. అత్తమ్మా, బస్సొచ్చింది, చెప్పులేసుకో.” స్వప్న “అత్తమ్మా” అని పిలిస్తే ఇంట్లో ఇద్దరు పలుకుతారు. ఒకరికి పళ్లు ఊడుతున్నాయి, ఇంకొకరికి వస్తున్నాయి. ఈ పిల్ల బడికి పోనని మొండికేస్తే అత్తమ్మ తలకొట్టుకుంటుంది: “చూసిర్రా? అదే మొండి! మా అత్తే!” అంటుంది, చెప్పలేనంత సంబరంగా. చిన్న ముద్దలు చేసి తినిపించేది మాత్రం ఆమే. మూత పెట్టిన కుండ ఇప్పటిదాకా ఆ పిల్ల చూడలేదు.

కొంగు చాటు పాల సంగతి నాకూ స్వప్నకూ తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు మీకు. అత్తమ్మకు చదవడం రాదు, అదొక్కటే నా ధైర్యం. రాజమణికి వస్తుంది. రాజమణీ, ఇది నీ కంట పడితే, నీకు దండం పెడతాను, చదివి మడిచి పెట్టు.

మొన్న ఇంటింటి వివరాలు రాసుకునే అమ్మాయి ఒకతె వచ్చింది. గుమ్మంలో నిలబడి, కాగితం తీసి నన్ను అడిగింది.

“అక్కా, ఇంట్ల అందరికన్న పెద్దమనిషి పేరేంది?”

“ఉన్నది,” అన్నాను.

“పేరు అక్కా.”

“బతికే ఉన్నది. మస్తు మంచిగున్నది. రాసుకో.”

“బతికే ఉన్నది సరే అక్కా, పేరు చెప్తేనే గదా రాసుకునుడు?”

“పొద్దున రెండు జొన్నరొట్టెలు తిన్నది. గది గూడ రాసుకో.”

లోపలి నుంచి ఆకు నములుతున్న గొంతు వినిపించింది. “చెప్పే సుగుణా! ఒకపారి చెప్పినవ్ గదా, ఏమైంది? మస్తు బతుకు కలిసొచ్చింది!”

అయినా చెప్పలేదు. ఆ అమ్మాయి చివరికి ఆధార్ కార్డు చూసి రాసుకుని పోయింది.

కాబట్టి ఇది చదువుతున్న మీ అందరి సాక్షిగా, గుట్ట నర్సింహస్వామి మీద ఒట్టు... వద్దు, ఆ స్వామి పేరుతో ఇప్పటికే ఒకామె వచ్చి మా నడిమింట్లో కూర్చుంది. కొమురెల్లి మల్లన్న మీద ఒట్టు. ఇకమీదట ఎవరింట్లో ఏ పిల్ల ఏడ్చినా, డాక్టర్ దగ్గరికి తీసుకుపొమ్మంటాను, ఉగ్గు పెట్టమంటాను, లేదంటే వాళ్లతో కలిసి నేనూ ఏడుస్తాను. దీపం ముందు కూర్చుంటే దండం పెట్టి లేస్తాను. పోయినవాళ్లవి కానీ, ఉన్నవాళ్లవి కానీ, ఈ నోటితో పేర్లు తీయను. మరీ తీయక తప్పకపోతే ఒక్కొక్కటిగా తీస్తాను. ప్రాణం పోయినా జంటలుగా తీయను.